సమాంతర ప్రోగ్రాం ఎక్కడ ఆగుతోందో బొమ్మలో చూడటం: ప్రాజెక్టు డైరీ

ఎంపీఐ అంటే విడివిడిగా నడిచే ప్రాసెసులు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే ప్రమాణం, అందులో ఒక్కో ప్రాసెసు ఒక ర్యాంకు. అలాంటి ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ ఏ ర్యాంకు ఎప్పుడు లెక్క చేస్తోంది, ఎప్పుడు ఎవరికోసం ఎదురుచూస్తోంది అన్నది గీసి చూపించే చిన్న ట్రేసరు (జరిగినవాటిని సమయంతో సహా రాసిపెట్టేది), దానికో టైంలైను. ఇదీ ప్రాజెక్టు. వాంపిర్, పారావెర్, జంప్‌షాట్ లాంటి టైంలైను గీసే పనిముట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. రోజువారీ పనికి స్కోర్-పీ అనే కొలత పనిముట్టుతో ట్రేసు తీసి వాంపిర్‌లో తెరవడమే మేలు. అయినా ఇది చేత్తో కడుతున్నది ఒక్క ప్రశ్న కోసం: టైంలైనులో పొడవుగా కనిపించే ఎదురుచూపు దాన్ని అనుభవించే ర్యాంకు దగ్గర కనిపిస్తుంది, దానికి కారణమైన ర్యాంకు దగ్గర కాదు. మరి బొమ్మను చూసి కారణం దాకా వెళ్లాలంటే ఏమేం గీయాలి?

రోజు 1: పరీక్షకు ప్రోగ్రాం

4096 × 4096 గడుల పలక మీద ఉష్ణ సమీకరణం, జాకోబీ పద్ధతి: ప్రతి చుట్టులోనూ గడి కొత్త విలువ దాని నాలుగు పొరుగు గడుల పాత విలువల సగటు. గడికి 8 బైట్ల డబుల్ (దశాంశ సంఖ్య) చొప్పున పలక 128 మెబీబైట్లు. పాతదీ కొత్తదీ కలిపి 256. పై అంచు విలువ 100, మిగతా మూడు అంచులూ 0, లోపలంతా 0. నాలుగు నోడ్లు (విడి కంప్యూటర్లు), నోడుకు 4 ర్యాంకులు, మొత్తం 16. నోడ్ల మధ్య గిగాబిట్ ఈథర్నెట్. పలకను అడ్డంగా కోసి ర్యాంకుకు 256 వరుసలు ఇచ్చాం. ప్రతి చుట్టులోనూ పై ర్యాంకుకు ఒక అంచు వరుస, కింది ర్యాంకుకు ఒకటి వెళ్తుంది. ఒక్కో సందేశం 4096 × 8 = 32,768 బైట్లు. చుట్టు చివర తేడా ఎంత మిగిలిందో ఆల్‌రెడ్యూస్‌తో (అందరి విలువలూ కలిపి ఫలితాన్ని అందరికీ ఇచ్చే కాల్) చూస్తాం. మొత్తం 1000 చుట్లు.

ప్రోగ్రాం ఇంత సాదాగా ఉండటం అవసరం. పని అందరికీ సమానమని కాగితం మీద ముందే తెలుసు కాబట్టి, బొమ్మలో కనిపించే ప్రతి తేడాకూ కారణం చెప్పి తీరాలి.

రోజు 2, 3: ట్రేసరు

ఎంపీఐ ప్రమాణంలోనే దీనికి దారి ఉంది. ప్రతి ఫంక్షనుకూ రెండు పేర్లు ఉంటాయి: ఎంపీఐ_సెండ్, పీఎంపీఐ_సెండ్. మొదటి పేరుతో మన ఫంక్షను రాసి, లోపల గడియారం చదివి, రెండో పేరుతో అసలుదాన్ని పిలిచి, మళ్లీ గడియారం చదివితే సరి. షేర్డ్ లైబ్రరీగా కట్టి ఎల్‌డీ_ప్రీలోడ్‌తో (మన లైబ్రరీని ముందుగా ఎక్కించమనే అమరిక) ఎక్కిస్తే ప్రోగ్రాంను మళ్లీ కంపైల్ చేయనక్కర్లేదు.

రికార్డు 32 బైట్లు: మొదలైన సమయం 8, ముగిసిన సమయం 8, ఏ కాల్ అన్నది 2, అవతలి ర్యాంకు 2, ట్యాగు 4, బైట్ల సంఖ్య 8. చుట్టుకు ఆరు రికార్డులు వస్తాయి (ఆగకుండా అందుకోవడం మొదలుపెట్టే ఐరెసీవ్ రెండు, ఆగకుండా పంపడం మొదలుపెట్టే ఐసెండ్ రెండు, అవన్నీ ముగిసేదాకా ఆగే వెయిటాల్ ఒకటి, ఆల్‌రెడ్యూస్ ఒకటి). 16 ర్యాంకులకు 1000 చుట్లకు 96,000 రికార్డులు, దాదాపు 3 మెగాబైట్లు. లెక్క చేసే సమయానికి వేరే రికార్డు పెట్టలేదు. రెండు ఎంపీఐ కాల్‌ల మధ్య ఖాళీయే లెక్క. దీని వల్ల ట్రేసరు తినే సమయం కూడా లెక్క ఖాతాలోనే పడుతుందని గుర్తుంచుకోవాలి.

ఇక్కడ కాలు జారే చోట్లు:

ఎంపీఐని మొదలుపెట్టే ఎంపీఐ_ఇనిట్‌కు తొడుగు వేసి ఎంపీఐ_ఇనిట్_థ్రెడ్‌ను మరిచిపోతే, ఓపెన్ఎంపీ (ఒకే ప్రాసెసులో పలు థ్రెడ్లు నడిపే పద్ధతి) కలిసిన ప్రోగ్రాంలో రికార్డులు దాచే బఫరు సిద్ధం కాకుండానే రాత మొదలై కూలిపోతుంది.

వెయిటాల్ ముగిశాక రిక్వెస్టులన్నీ (ఐసెండ్, ఐరెసీవ్ ఇచ్చే గుర్తులు) శూన్యమైపోతాయి. ఏ రిక్వెస్టు ఏ సందేశానిదో తెలియాలంటే అసలు కాల్‌కు ముందే వాటిని కాపీ చేసుకోవాలి.

ఎవరి నుంచైనా సరే అని ఎనీ_సోర్స్‌తో పెట్టిన రిసీవ్‌కు పంపినవాళ్లెవరో స్టేటస్‌లోనే తెలుస్తుంది. ప్రోగ్రాం స్టేటస్ అక్కర్లేదని చెప్పి ఉంటే మన ఫంక్షను సొంత స్టేటస్ వరుసను లోపలికి పంపాలి. లేకపోతే బొమ్మలో సందేశాన్ని చూపే బాణం ఎక్కడినుంచి గీయాలో తెలియదు.

ఫోర్ట్రాన్ ప్రోగ్రాంలకు ఈ సీ ఫంక్షన్లు చాలకపోవచ్చు. కొన్ని ఎంపీఐ లైబ్రరీలలో ఫోర్ట్రాన్ కాల్ సీ పేరు గుండా వెళ్లదు, దానికి వేరే తొడుగు రాయాలి.

రోజు 4: బఫరు చేసే అల్లరి

మొదట 64 కిబీబైట్ల బఫరు పెట్టి, నిండినప్పుడల్లా ఫైలులోకి రాయించాం. అందులో 2048 రికార్డులు పడతాయి. చుట్టుకు ఆరు కాబట్టి 342వ చుట్టులో నిండుతుంది, అదీ దాదాపు అన్ని ర్యాంకుల్లో ఒకేసారి. టైంలైనులో ఆ చుట్టు దగ్గర నిలువు గోడలా ఒక ఆగుడు. అది ప్రోగ్రాంది కాదు, మన ట్రేసరుది. 4 మెబీబైట్లకు పెంచి, ప్రోగ్రాం ముగింపులో పిలిచే ఫైనలైజ్‌లో మాత్రమే ఫైలు రాసేలా మార్చాక గోడ పోయింది. ఇందులో 1,31,072 రికార్డులు పడతాయి, 20,000 చుట్లకు కూడా సరిపోతుంది.

ఇంకో చిన్న సంగతి. మాలాక్‌తో తీసుకున్న మెమొరీ జాగా మొదటిసారి తాకేదాకా నిజంగా చేతికి రాదు. పేజీ 4096 బైట్లు, రికార్డు 32 బైట్లు, అంటే ప్రతి 128 రికార్డులకోసారి పేజీ ఫాల్టు (ఆ జాగాను అప్పటికప్పుడు సమకూర్చే ఆగుడు), సుమారు 21 చుట్లకోసారి. పెద్ద ఆలస్యం కాదుగానీ, క్రమం తప్పకుండా వచ్చే చిన్న పోటు ప్రోగ్రాం స్వభావమేమోనని భ్రమింపజేస్తుంది. ఇనిట్‌లోనే బఫరు మొత్తాన్ని మెమ్‌సెట్‌తో తాకించాలి.

రోజు 5, 6: వెనక్కి వెళ్లే బాణాలు

పంపినచోటు నుంచి అందినచోటికి బాణాలు గీశాం. నోడు లోపలి బాణాలన్నీ సరిగ్గా కుడివైపుకు వాలాయి. నోడు దాటిన వాటిలో కొన్ని ఎడమవైపుకు, అంటే పంపకముందే అందినట్టు. సందేశం అందడం పంపడం కన్నా ముందు జరగదన్న నియమం మీదే లాంపోర్ట్ 1978లో తార్కిక గడియారాలను కట్టారు. ఆ నియమం తప్పిందంటే తప్పు గడియారాలదే.

నోడ్ల గడియారాల మధ్య రెండు రకాల తేడా ఉంటుంది. ఒకటి మొదట్నుంచీ ఉన్న ఎడం. రెండోది నడక వేగంలో తేడా. గడియారాలను నడిపే స్ఫటికాల మధ్య పది లక్షల్లో 10 వంతుల తేడా ఉన్నా సెకనుకు 10 మైక్రోసెకన్లు పక్కకు జరుగుతుంది, నిమిషానికి 600. గిగాబిట్ తీగ మీద మన సందేశానికి పట్టేది 32,768 × 8 ÷ 100 కోట్లు, అంటే 262 మైక్రోసెకన్లు. నిమిషం నడిచే ప్రోగ్రాంలో గడియారపు దోషం సందేశ సమయాన్నే మింగేస్తుంది.

దిద్దిన తీరు ఇది. ప్రతి నోడు నుంచి ఒక ర్యాంకు 0వ ర్యాంకుతో 100 సార్లు పింగ్‌పాంగ్ ఆడుతుంది, అంటే సందేశం పంపి జవాబు అందుకుంటుంది. వెళ్లిరావడానికి అన్నిటికన్నా తక్కువ సమయం పట్టిన ఒక్కదాన్నే తీసుకోవాలి. సగటు తీసుకోకూడదు, ఎందుకంటే ఆలస్యమైన ప్రయాణాల్లో రాకకూ పోకకూ పట్టిన సమయాలు సమానంగా ఉండవు. అవతలి గడియారం చూపిన సమయం నుంచి, ఇవతల పంపిన, అందుకున్న సమయాల నడిమి బిందువును తీసేస్తే ఎడం వస్తుంది. దోషం ఆ ప్రయాణ సమయంలో సగాన్ని మించదు. ఇదే కొలత ఇనిట్‌లో ఒకసారి, ఫైనలైజ్‌లో ఒకసారి తీసి, రెండింటి మధ్య సరళరేఖ గీసి ప్రతి రికార్డు సమయాన్నీ దిద్దుతాం. ఒకే నోడు మీది నాలుగు ర్యాంకులకు గడియారం ఒక్కటే కాబట్టి దిద్దుబాటూ ఒక్కటే. ర్యాంకుకొకటి కొలిస్తే నోడు లోపల లేని తేడాను మనమే పుట్టించినవాళ్లమవుతాం.

గడియారంగా క్లాక్_మోనోటానిక్_రా వాడాం. మామూలు మోనోటానిక్ గడియారపు వేగాన్ని ఎన్‌టీపీ (నెట్‌వర్కు మీద గడియారాలను సరిచేసే సేవ) మధ్యలో సర్దుతుంది, అప్పుడు సరళరేఖ సరళంగా ఉండదు. పాత కెర్నళ్లలో రా గడియారం చదవడానికి పూర్తి సిస్టం కాల్ పడేది కాబట్టి, వాడేముందు ఒక లక్ష సార్లు చదివించి ఖరీదు చూసుకోవాలి.

ఇంత చేశాకా ఒకటీ అరా బాణాలు వెనక్కి వాలుతూనే ఉంటాయి. వాటిని బలవంతంగా ముందుకు జరిపే పద్ధతులున్నాయి. ఇక్కడ అలా చేయలేదు. వాటికి వేరే రంగు వేసి, ఎన్ని ఉన్నాయో మూలన చూపిస్తున్నాం. ఆ లెక్క పెరిగితే ట్రేసును నమ్మొద్దని అర్థం. చూసేవాళ్లకు ఆ హెచ్చరిక అందాలి.

రోజు 7: పిక్సెల్ చెప్పే అబద్ధం

తెర వెడల్పు 1920 పిక్సెళ్లు. వెయ్యి చుట్లు గీస్తే చుట్టుకు రెండు పిక్సెళ్లు కూడా లేవు, అందులోనే ఆరు కాల్‌లు, వాటి మధ్య లెక్క. సన్నని పెట్టె మాయం కాకూడదని కనీసం ఒక పిక్సెల్ వెడల్పు ఇచ్చాం. దాంతో బొమ్మంతా నారింజ రంగు, అంటే ఎదురుచూపు. లెక్క పెడితే సమయంలో ఎక్కువ భాగం లెక్కదే! చివర గీసిన పెట్టె కిందిదాన్ని కప్పేయడం, ప్రతి చిన్న కాల్‌కూ పిక్సెల్ దానం చేయడం, రెండూ కలిసి చేసిన పని.

సరిచేయడానికి గీత పద్ధతే మార్చాల్సి వచ్చింది. ఒక్కో పిక్సెల్‌కు తగిలే కాలవ్యవధిలో లెక్క ఎంత భాగం, ఎదురుచూపు ఎంత, బదిలీ ఎంత అని కూడి, ఆ వంతుల ప్రకారం పిక్సెల్ నిలువును పంచుతాం. ర్యాంకు పట్టీ ఎత్తు 24 పిక్సెళ్లయితే 24 మెట్ల తేడా కనిపిస్తుంది, 16 ర్యాంకులకు 384 పిక్సెళ్లు. దగ్గరికి వెళ్లి, పెట్టె నిజంగా మూడు పిక్సెళ్లు దాటినప్పుడే విడివిడిగా గీస్తాం. వేగం కోసం ఈ కూడికలను ముందే చేసి, 2048 గదులతో మొదలుపెట్టి ప్రతి మెట్టులోనూ రెట్టింపు చేస్తూ పిరమిడ్‌లా దాచాం.

రంగులు: లెక్కకు నీలం, ఎదురుచూపుకు నారింజ, బదిలీకి బూడిద. ఎరుపు, ఆకుపచ్చ జంటను వాడలేదు. ఆ రెండింటినీ విడదీయలేని కళ్లు చాలానే ఉన్నాయి.

పైథాన్ గీత లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో పెట్టెకొక వస్తువు చొప్పున లక్ష పెట్టెలు గీస్తే నత్తనడకే. పైచెప్పినట్టు ముందే కూడి ఒక్క బొమ్మగా దాని ఇమ్‌షో ఫంక్షనుతో చూపిస్తే వెంటనే వస్తుంది. విడిగా ట్రేసులు చూపే పర్ఫెట్టోలో కూడా తెరవాలని జేసన్ ఎగుమతి పెట్టాం. అక్కడ సమయాలు మైక్రోసెకన్లలో ఉండాలి. నానోసెకన్లు అలాగే రాస్తే బొమ్మ వెయ్యి రెట్లు సాగుతుంది, పూర్ణాంకానికి కుదిస్తే చిన్న కాల్‌లు సున్నా వెడల్పుకు పడిపోతాయి. దశాంశాలతో రాయాలి.

రోజు 8: ఇంటికప్పు ఆకారం

ఇప్పుడున్న ఐసెండ్ రూపానికి ముందు, ప్రోగ్రాం మొదటి రూపంలో పంపకం ఇలా ఉండేది: అందరూ ముందు కింది ర్యాంకుకు సెండ్, తర్వాత పై ర్యాంకు నుంచి రిసీవ్. ఆ తర్వాత అదే పని ఎదురు దిశలో. 0వ ర్యాంకు పైన, 15 కింద ఉండేలా గీస్తే ప్రతి చుట్టులోనూ ఇంటికప్పు ఆకారం కనిపించింది. కింది నుంచి పైకి ఒక మెట్ల వరుస, పై నుంచి కిందికి ఇంకోటి.

కారణం ఇది. చిన్న సందేశాన్ని ఎంపీఐ లైబ్రరీ అవతలివాళ్లు అడగకముందే పంపేస్తుంది, దాన్ని ఈగర్ పద్ధతి అంటారు. ఒక హద్దు దాటితే అవతల రిసీవ్ తగిలేదాకా సెండ్ కదలదు, అది రాండెవూ. హద్దు ఎంతన్నది లైబ్రరీనీ, దారి తీగా షేర్డ్ మెమొరీనా అన్నదాన్నీ బట్టి ఉంటుంది. మా దగ్గర 32,768 బైట్లు హద్దు దాటాయి. 15వ ర్యాంకుకు కిందికి పంపే పనిలేదు కాబట్టి నేరుగా రిసీవ్‌కు వస్తుంది. అప్పుడు 14వ దాని సెండ్ విడుదలై అది రిసీవ్‌కు వస్తుంది, అప్పుడు 13. ఇలా 15 మెట్లు. ఒకేసారి జరగాల్సిన పని ఒకరి తర్వాత ఒకరుగా జరుగుతోంది.

మెట్లన్నీ సమానంగా లేవు. 3–4, 7–8, 11–12 ర్యాంకుల మధ్య మూడు మెట్లు పొడవు, మిగతా 12 పొట్టి. ఆ మూడూ నోడ్ల సరిహద్దులు. మూడు మెట్లకు 3 × 262 = 786 మైక్రోసెకన్లు, రెండు దిశలకు కలిపి 1.57 మిల్లీసెకన్లు, తీగ సమయమే. లెక్కకు చుట్టుకు కొన్ని మిల్లీసెకన్లే పట్టే ప్రోగ్రాంలో ఇది పెద్ద భారం. మొదటి మెట్ల వరుసలో అన్నిటికన్నా పొడవైన నారింజ పట్టీ 0వ ర్యాంకుది. దాన్ని చూసి 0వ ర్యాంకులో తప్పు వెతికితే రోజంతా పోతుంది. ఇందులో ఏ ర్యాంకుదీ తప్పు లేదు, తప్పంతా వరుసది.

ఈగర్ హద్దు కింద ఉంటే ఈ మెట్లు కనిపించవు, కానీ లోపం అక్కడే ఉంటుంది. బయటపెట్టే చిట్కా: సెండ్ బదులు ఎస్‌సెండ్ పెట్టి ఒకసారి నడపాలి. ఎస్‌సెండ్ ఎప్పుడూ అవతలి రిసీవ్ మొదలయ్యేదాకా ఆగుతుంది కాబట్టి దాగిన మెట్లు పైకి తేలతాయి. అంచులు చుట్టుకునే పలక (కింది అంచు పై అంచుతో కలిసేది) అయితే ఇదే వరుస పూర్తిగా బిగుసుకుపోతుంది.

ఐరెసీవ్‌లు ముందు, ఐసెండ్‌లు తర్వాత, చివర వెయిటాల్ అని మార్చాక కప్పు ఆకారం పోయింది. ఐసెండ్‌కూ వెయిటాల్‌కూ మధ్య లోపలి వరుసల లెక్క పెట్టి చూశాం. అయినా వెయిటాల్ పట్టీ ఆశించినంత తగ్గలేదు. చాలా లైబ్రరీలు పెద్ద సందేశాన్ని ముందుకు తోయాలంటే మనం మళ్లీ ఏదో ఒక ఎంపీఐ కాల్ లోపలికి రావాలి. లెక్క మధ్యలో రెండుమూడు చోట్ల టెస్టాల్ (అవి ముగిశాయో లేదో ఆగకుండా చూసే కాల్) పిలిస్తే తేడా బొమ్మలోనే కనిపించింది.

రోజు 9: ఆల్‌రెడ్యూస్‌లో ఎవరు ఆపుతున్నారు

ఆల్‌రెడ్యూస్ పట్టీ 15 ర్యాంకుల్లో పొడవు, ఒకదానిలో పొట్టి. అందరికన్నా ఆలస్యంగా వచ్చిన ర్యాంకు ఎదురుచూడదు, అందుకే దాని పట్టీ పొట్టి. వెతకాల్సింది దాన్నే. బొమ్మ చూసేవాళ్లంతా మొదట పొడవైన వాటివైపే వెళ్తారు కాబట్టి, ఈ పట్టీని రెండుగా కోశాం: అన్ని ర్యాంకులలో చివరగా వచ్చినవారి సమయం దాకా ఎదురుచూపు, ఆ తర్వాతిది అసలు పని. చివరగా వచ్చిన ర్యాంకు పక్కన చిన్న నల్ల గుర్తు. తొడుగులో ఆల్‌రెడ్యూస్‌కు ముందు బ్యారియర్ (అందరూ వచ్చేదాకా ఆపే కాల్) పెట్టి కూడా ఇది కొలవొచ్చుగానీ, అది ప్రోగ్రాం నడకనే మార్చేస్తుంది. ట్రేసు నుంచి లెక్కగట్టడమే మంచిది, గడియారాలు దిద్ది ఉంటే.

ఎంత నష్టమో ఒక అంకెలో: 15 ర్యాంకులు 10 మిల్లీసెకన్లు, ఒకటి 14 పడితే సగటు 10.25. సగటును గరిష్ఠంతో భాగిస్తే 0.73. ఒక్క ర్యాంకు వల్ల 16 కోర్ల సమయంలో పావు వంతుకు పైగా ఎదురుచూపులో పోతోంది. ఈ అంకెను బొమ్మ మూలన పెట్టాం. స్పీడప్ గ్రాఫు (కోర్లు పెంచితే వేగం ఎంత పెరిగిందో చూపేది) కన్నా ఇదే ఎక్కువ పనికొస్తోంది, ఎందుకంటే స్పీడప్ ఎంత తగ్గిందో చెబుతుందేగానీ ఎందుకన్నది చెప్పదు.

ప్రతి చుట్టులోనూ ఆల్‌రెడ్యూస్ ఉంటే ఒకరి ఆలస్యం అదే చుట్టులో అందరికీ అంటుకుంటుంది. 50 చుట్లకోసారికి తగ్గించాం. ఇప్పుడు 7వ ర్యాంకు ఒకసారి ఆలస్యమైతే తర్వాతి చుట్టులో 6, 8, ఆ తర్వాత 5, 9, అలా వాలుగా అల పాకుతుంది. వాలు గీతల మొదలు పట్టుకుంటే ఆలస్యం పుట్టిన చోటు దొరుకుతుంది.

రోజు 10 నుంచి 12: వేడి పటంలో ఒక అడ్డచార

టైంలైనుతో పాటు ఇంకో పటం చేర్చాం: నిలువున 16 ర్యాంకులు, అడ్డంగా 1000 చుట్లు, రంగు ఆ చుట్టులో లెక్కకు పట్టిన సమయం. నిలువు చార అంటే ఆ చుట్టులో అందరికీ ఏదో జరిగింది, తరచుగా ఫైలు రాత. అడ్డచార అంటే ఆ ర్యాంకుకే ఏదో ఉంది. తరచుగా చూసేది, ర్యాంకులను కోర్లకు కట్టకపోవడం వల్ల రెండు ర్యాంకులు ఒకే కోరు మీద కూర్చోవడం. నడిపేటప్పుడు బైండ్-టు కోర్ ఇస్తే పోతుంది.

ఇచ్చాం. ఒక చార పోలేదు. 2వ ర్యాంకులో 500 చుట్లు దాటాక సన్నగా మొదలై ముదురుతూ, 900 దాటిన కొద్దిసేపటికి 3వ ర్యాంకులోకి కూడా పాకింది. పని సమానం, కోర్లు వేరు. నోడ్లను మార్చి నడిపినా చార అదే ర్యాంకుల్లో. కాబట్టి యంత్రానిది కాదు, డేటాది.

కాగితం మీద చూస్తే తేలిపోయింది. పై అంచు 100, లోపలంతా 0. వేడి చుట్టుకు ఒక వరుస కిందికి దిగుతుంది, దిగినప్పుడల్లా నాలుగో వంతవుతుంది. 515వ చుట్టులో 515వ వరుసకు చేరే విలువ 100ను 4తో 515 సార్లు భాగించినంత. అది డబుల్‌లో మామూలుగా పట్టే అతి చిన్న సంఖ్య, 2 మైనస్ 1022వ ఘాతం, కన్నా చిన్నది. అక్కడినుంచి సంఖ్యలు డీనార్మల్, అంటే ఆ హద్దు కన్నా చిన్నవై ప్రత్యేక రూపంలో దాచేవి. వాటి మీద గుణకారం చేయాల్సి వస్తే చాలా ప్రాసెసర్లు మైక్రోకోడు (ప్రాసెసర్ లోపలి నెమ్మది దారి) సాయం తీసుకుంటాయి, ఒక్కోదానికి వంద సైకిళ్లు దాటొచ్చు. 515వ వరుస 2వ ర్యాంకులోది, దాని వాటా 513 నుంచి 768. మొదట్లో డీనార్మల్ వరుసలు రెండుమూడే. తర్వాత ఆ పట్టీ వెడల్పవుతూ మెల్లగా కిందికి జరిగి 769 దాటగానే 3వ ర్యాంకులోకి వెళ్తుంది. చార నడక అచ్చం ఇదే.

నిర్ధారించుకోవడానికి రెండు పరీక్షలు. లోపలి మొదటి విలువను 0 బదులు 1 పెట్టి నడిపితే చార మాయం. తర్వాత పెర్ఫ్ అనే లినక్స్ కొలత పనిముట్టుతో, అలాంటి సాయాలను లెక్కించే ఎఫ్‌పీ అసిస్ట్ కౌంటరు చదివితే ఆ ర్యాంకులోనే అంకె ఎగసింది.

మందు: ప్రతి థ్రెడ్డూ మొదట్లోనే దశాంశ గణితాన్ని నియంత్రించే ఎంఎక్స్‌సీఎస్ఆర్ రిజిస్టరులో 15వ బిట్టు, 6వ బిట్టు వేయాలి. ఒకటి డీనార్మల్ ఫలితాన్ని సున్నా చేస్తుంది, రెండోది డీనార్మల్ ఇన్‌పుట్‌ను సున్నాగా చూస్తుంది. ఈ రిజిస్టరు థ్రెడ్డుకొకటి. ఓపెన్ఎంపీ వాడితే ప్యారలల్ భాగం లోపల వేయాలి, మెయిన్‌లో ఒక్కసారి వేసి ఊరుకుంటే ఇప్పటికే పుట్టిన థ్రెడ్లకు అందదు. జీసీసీ కంపైలరులో ఫాస్ట్-మ్యాథ్ జెండా కూడా ఈ బిట్లు వేస్తుందిగానీ, అది కూడికల క్రమాన్ని కూడా మార్చే స్వేచ్ఛ తీసుకుంటుంది. ఆ ఒక్కదానికోసం ఫలితాలనే కదిలించడం తగదు.

ఆల్‌రెడ్యూస్ పట్టీలు మాత్రమే చూసి ఉంటే ఇది దొరికేది కాదు. అక్కడ కనిపించింది మిగతా ర్యాంకుల ఎదురుచూపే.

రోజు 13: మిగిలిన పని

పలకను 4 × 4గా కోసే రూపం మొదలైంది. ర్యాంకుకు 1024 × 1024 గడులు. ఒక్కో అంచు 8192 బైట్లు, నాలుగు అంచులూ కలిపి 32,768, అంటే అడ్డకోతలో పంపినదానిలో సగం. రెండు ఇబ్బందులు కనిపిస్తున్నాయి. సందేశం చిన్నదై ఈగర్ హద్దు కిందికి వెళ్లొచ్చు, కాబట్టి ప్రతి మార్పు తర్వాత ఎస్‌సెండ్ పరీక్ష తప్పనిసరి. రెండోది బొమ్మది. పై కింది పొరుగువాళ్లు ఇప్పుడు నాలుగు ర్యాంకుల దూరంలో ఉన్నారు, అందుకే ఆలస్యపు అల వాలుగా కాకుండా ముక్కలుగా కనిపిస్తోంది. ఒక చుట్టును ఎంచుకుంటే 16 ర్యాంకులను 4 × 4 గళ్లలో చూపించి, అలను గడి నుంచి గడికి పాకించే మూడో పటం గీస్తున్నాం. నిలువు అంచుల గడులు మెమొరీలో పక్కపక్కన ఉండవు కాబట్టి వాటిని పోగుచేయడానికి పట్టే సమయానికీ ట్రేసులో వేరే రంగు కావాలి. ప్రస్తుతం అది లెక్క నీలంలో కలిసిపోతోంది.